కల్లం కాడ పేర్చిన బతుకమ్మ

మొన్న సద్దుల బతుకమ్మ నాడు, హైవే పక్కన కొత్తగా కట్టిన ఒక ఫంక్షన్ హాలు గుమ్మం ముందు చెప్పులు విడిచాను. విడిచిన చెప్పులు మళ్ళీ తొడుక్కుని ఇంటికి తిరిగి పోదామా అని రెండుసార్లు అనుకుని, మూడోసారికి లోపలికి వెళ్ళాను. అరవై నాలుగేళ్ళు వచ్చాయి నాకు. ఈ ఆర్మూర్‌లో నేను ఎక్కని గడప, కూర్చోని అరుగు లేదంటే నమ్మండి, అయినా ఆ గడప దగ్గర మాత్రం కొత్తల్లుడిలా బిగుసుకుపోయాను. మా అక్క మనవడు లోపలినుంచి పరుగున వచ్చి, చిన్నతాత వచ్చిండు, చిన్నతాత వచ్చిండు అని అరుస్తూ చెయ్యి పట్టుకుని లాక్కుపోకపోతే ఏం చేసేవాడినో నాకే తెలియదు.

లోపల చూసింది ఎలా చెప్పాలి? నిజామాబాద్ నుంచి, కామారెడ్డి నుంచి, నిర్మల్, జగిత్యాల నుంచి, కొందరు హైదరాబాద్ నుంచి కూడా వచ్చిన అరవై డెబ్భై మంది, ఎక్కువ మగపిల్లలే. జరీ అంచు పంచెల్లో కొందరు, పట్టు లాల్చీల్లో కొందరు, అమ్మల చీరలు అడిగి తెచ్చుకుని కుచ్చిళ్ళు సరిగ్గా కుదిరాయో లేదోనని ఒకరినొకరు తిప్పి చూసుకుంటున్నవాళ్ళు కొందరు. నడుమ ఏడు బతుకమ్మలు, ఒక్కొక్కటి నా నడుము దాకా. వాటి చుట్టూ చప్పట్లు కొడుతూ, వంగుతూ లేస్తూ, తలుపులు బార్లా తెరిచిపెట్టి ఆడుతున్నారు. తమను తాము గే అని, ఇంకా నాకు నోరు తిరగని నాలుగైదు పేర్లతో, మాది ఫలానా ఊరు అన్నంత తేలికగా చెప్పుకుంటున్నారు. ఇద్దరు ముగ్గురి తల్లులు కూడా వచ్చి కుర్చీల్లో కూర్చుని, పాట తప్పితే అక్కడినుంచే అందిస్తున్నారు. నేను ఒక స్తంభానికి ఆనుకుని నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. తిరుపతిలో దర్శనమైనప్పుడు కూడా నాకు ఒళ్ళు అంతగా జలదరించలేదు, దేవుడు తప్పుగా అనుకోకుండు గాక.

నాతో వచ్చిన నేస్తానికి మోకాళ్ళ నొప్పులు. ఒక కుర్చీ చూసుకుని కూర్చుని, ఈ డీజే పెట్టెల చప్పుడుకు గుండెపోటు వచ్చేట్టుందని, పులిహోరలో నూనె ఎక్కువైందని సణుగుతూనే రెండోసారి వడ్డించుకున్నాడు. ఆ నేస్తం ఎవరో తరువాత చెబుతాను. నలభై ఏళ్ళుగా అతని సణుగుడు వింటున్నవాడిని, అది లేని రోజు నాకు అన్నం సయించదు.

ఇంత సంబరాన్నీ ముందుండి జరిపించిన మా అక్క మనవడి ముఖంలో మాత్రం, నిలబడి చూస్తే, ఏదో వెలితి. వాడికి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండేళ్ళ క్రితం వాడు తన సంగతి తల్లికి, అంటే నా మేనకోడలికి, ఫోనులో చెప్పాడు. అప్పటినుంచి ఆమె వాడితో మాట్లాడడం లేదు. పండుగకు ఊరికి వచ్చినవాడు, బస్టాండు వెనకున్న సొంత ఇంటికి పోకుండా నా ఇంట్లో చాప పరుచుకుని పడుకుంటున్నాడు. తల్లి కంటే ముందు నాకే చెప్పాడు వాడు. నాకే ఎందుకు చెప్పావని నేను అడగలేదు, వాడూ వివరించలేదు. ఆ రోజు హాల్లో ఆట ఆగి అందరూ ప్రసాదాలు తింటుండగా నా పక్కకు చేరి, చిన్నతాతా, నీ సంగతి తెలిసినప్పుడు మీ అత్త ఏమన్నది అని మెల్లగా అడిగాడు. వాడికి అప్పుడు చెప్పలేనిది ఇప్పుడు నా ఈడువారికి చెప్పుకుంటున్నాను.

నన్ను పెంచింది మా మేనత్త. అమ్మానాన్నలు నా ఊహ తెలియకముందే పోతే, అక్కకు పెళ్ళి చేసి పంపి, నన్ను తన దగ్గర ఉంచుకుంది. ఆమెకు పిల్లలు లేరు, మామయ్య కూడా చిన్న వయసులోనే పోయాడు. పొద్దస్తమానం చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టేది. ఆమె చీర కొంగుకు ఎప్పుడూ తంబాకు వాసన. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నాకు ఆకలి వేస్తుంది, ఎందుకంటే ఆమె అన్నం కలిపి పెట్టిన చెయ్యి కూడా అదే వాసన వేసేది. మాటలు తక్కువ, చేతులు ఎక్కువ మనిషి. ఈ లోకంలో నాది అని చెప్పుకోవడానికి ఉన్నది ఆ ఒక్కతే. అందుకే నా సంగతి ఆమెకు తెలిసిననాడు ఆ ఒక్కతీ నాకు లేకుండా పోతుందని, మీసాలు మొలిచిన దగ్గరనుంచి నేను భయపడని రోజు లేదు. నా మాదిరివాడే ఒకడు, పక్క ఊరివాడు, సంగతి బయటపడి ఇంట్లోవాళ్ళు గెంటేస్తే బొంబాయి బస్సెక్కి మళ్ళీ కనబడలేదని విన్నాను. ఆ బస్సు మా ఊరి మీదుగానే పోయేది. అది కనబడితే నేను తల తిప్పుకునేవాణ్ణి.

పదేళ్ళ వయసు దాకా నేను ఆడపిల్లలతో కలిసి బతుకమ్మ ఆడాను. అప్పటిదాకా ఎవరూ ఏమీ అనరు. పదకొండో ఏట ఒక సాయంత్రం ఎవరో పెద్దమనిషి నా రెక్క పట్టి వలయంలోంచి బయటికి లాగి, ఇంకా ఏందిరా ఆడోళ్ళల్ల అని నవ్వాడు. అందరూ నవ్వారు. ఆ రోజునుంచి నేను దూరంగా నిలబడి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, వేళ్ళతోనే తాళం వేసుకునేవాడిని. ఒక్కసారి, చచ్చేలోగా ఒక్కసారి ఆ చుట్టులో నిలబడి ఆడాలని ఎంత ఉండేదో చెబితే మీలో కొందరికైనా అర్థమవుతుంది.

అయితే మగవాడికి ఆ పండుగలో ఒక పని మాత్రం ఉంది, అది పూలకు పోవడం. పెద్దల అమావాస్య, అదే పెత్రమాస మొదలు సద్దుల దాకా తొమ్మిది రోజులు తెల్లవారుజామున సైకిళ్ళేసుకుని గుట్టల్లోకి, చేను గట్ల మీదికి పోయి, అక్కచెల్లెళ్ళకు గునుగు, తంగేడు, కట్లపూలు కోసుకురావాలి. పొద్దు పొద్దున నలుగురైదుగురు మగవాళ్ళు కలిసి ఊరి బయటికి పోతే మామూలు రోజుల్లో అయితే సవాలక్ష ప్రశ్నలు. పూల సంచి భుజాన ఉంటే ఒక్క ప్రశ్న లేదు, పైగా ఎంత బుద్ధిమంతులని మెచ్చుకోలు. మా వంటివాళ్ళం ఒకరినొకరం ఎలా గుర్తుపట్టామో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను. చేపపిల్లకు ఈత ఎవరు నేర్పారంటే ఏం చెబుతుంది? సిద్ధులగుట్ట వెనక తంగేడు పొదల దగ్గర ఒక ఏడు ఇద్దరం, మరుసటి ఏడు ముగ్గురం, ఆ తరువాత అయిదుగురం అయ్యాం. ఇప్పటి పిల్లలు కమ్యూనిటీ అంటున్నారు గదా, మా కమ్యూనిటీకి ఏడాదికి తొమ్మిది పొద్దుటిపూటలే ఉండేవి. మిగతా మూడు వందల యాభై చిల్లర రోజులు బజారులో ఎదురుపడితే తల ఊపి పోయేవాళ్ళం.

అయిదుగురిలో అందరికంటే పెద్ద టైలరన్న. దసరా నెలంతా మిషను తొక్కి తొక్కి కాళ్ళు వాచినా పూలకు రావడం మానేవాడు కాదు. జాకెట్టు గుడ్డలు కొలిచే టేపు మెడలో అలాగే ఉండేది. రెండోవాడు కండక్టర్ బావ. బస్సులో ముప్పై మందిని తిట్టే నోరు మా మధ్య మాత్రం పొట్ట చెక్కలయ్యేట్టు నవ్వించేది. మూడో ఆయన మోర్తాడ్ నుంచి వచ్చే బడి సారు, ఆకు కదిలినా ఉలిక్కిపడి కళ్ళద్దాలు తుడుచుకునే మనిషి. నాలుగోవాణ్ణి నేను. అప్పట్లో రైతుల పసుపు అమ్మిపెట్టే అడ్తి దుకాణంలో పని నాది, పసుపు కొమ్ముల్లో పొడుగు కాడి ఒక పక్కకు, గుండ్రటి గోళ ఒక పక్కకు ఏరడం. అయిదోవాడు ఆ అడ్తి వారి కల్లం దగ్గర ఎండిన పసుపును డ్రమ్ములో వేసి తిప్పి మెరుగు పెట్టే పనివాడు. ఆ డ్రమ్ము తిప్పినప్పుడు ఎగిరే దుమ్ముకు వాడి కనుబొమ్మలు, చెవులు, చొక్కా అన్నీ పసుపే. వాడే నా నేస్తం. ఇంతకుమించి చెప్పమంటే ఈ వయసులో కూడా నాకు సిగ్గు.

ఆ ఏడు, నాకు ఇరవై మూడో ఇరవై నాలుగో, టైలరన్నకు ఒక వెర్రి ఆలోచన వచ్చింది. ఎన్నాళ్ళు అందరి బతుకమ్మలకు పూలు మోస్తాం, ఒక్కటి మనం పేర్చుకుందాం అన్నాడు. సారు వద్దంటే వద్దన్నాడు. కండక్టర్ బావ, పట్టుబడితే నీ టికెట్టు కూడా నేనే కొడతాలే సారూ అని ఆయన్ను నవ్వించి ఒప్పించాడు. పసుపు పండి తవ్వే దినాలు ఇంకా మూడు నెలలున్నాయి గనుక కల్లం షెడ్డు ఖాళీ. పసుపు ఉడికించే కడాయిలు బోర్లించి ఉండేవి, బయట మక్క కంకులు ఆరబోసి ఉండేవి, కావలికి నా నేస్తమే ఉండేవాడు. అంతకంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది?

సద్దుల నాడు మధ్యాహ్నం తలుపు దగ్గరికి వేసి మొదలుపెట్టాం. టైలరన్న ఇంటినుంచి ఇత్తడి తాంబాళం దాచి తెచ్చాడు. గుమ్మడి ఆకులు పరిచి, తంగేడు ఒక వరుస, రంగుల నీళ్ళలో ముంచి ఆరబెట్టిన గునుగు ఒక వరుస, బంతి ఒక వరుస. సారు తలుపు వైపు చూస్తూనే ఉన్నాడు గాని, గునుగు కట్టలను ఆయన కత్తిరించినంత సమంగా మేము ఎవరమూ కత్తిరించలేకపోయాం. పూర్తయి నాలుగడుగులు వెనక్కి జరిగి చూసుకుంటే, షెడ్డు కప్పు రేకుల సందుల్లోంచి పడుతున్న ఎండలో అది ధగధగా మెరిసిపోతోంది. కండక్టర్ బావ కూడా ఎగతాళి మానేసి దండం పెట్టాడు. మా చేతులతో అంతటిది అయిందంటే మాకే నమ్మబుద్ధి కాలేదు.

ఆ తరువాత ఆడాం. గొంతులు లోపలే పెట్టుకుని, చప్పట్లు వినబడకుండా వేళ్ళ కొసలు తాకించుకుంటూ, అయిదుగురం ఆ పూల చుట్టూ తిరిగాం. పదమూడేళ్ళ తరువాత నేను మళ్ళీ ఆ చుట్టులో ఉన్నాను. అన్ని పాటలూ నాకు నోటికి వచ్చి ఉన్నాయని అప్పుడే తెలిసింది. నా నేస్తం చెవి వెనక నేనే తంగేడు కొమ్మ పెట్టాను. వాడు ఒక చెయ్యి నా భుజం మీద వేసి నడుస్తున్నాడు. ఆ నడకలో నేను ఈ లోకంలోనే లేను. తలుపు తెరుచుకున్న చప్పుడు కూడా వినలేదు.

తలుపు దగ్గర మా అత్త నిలబడి ఉంది. పక్కింటి కోడలి బతుకమ్మకు తంగేడు తక్కువ పడితే, నేను కల్లం దగ్గర ఉంటానని ఎవరో చెప్పారట, అడిగి తీసుకుపోదామని వచ్చింది. అయిదుగురమూ తేలు కుట్టిన దొంగల్లా ఎక్కడివాళ్ళం అక్కడే నిలబడిపోయాం. సారు గోడ వైపు తిరిగి ఏడవడం మొదలుపెట్టాడు. నా నేస్తం భుజం మీదినుంచి చెయ్యి తీశాడు గాని చెవి వెనక పువ్వు తీయడం మరిచిపోయాడు. అత్త ఆ పువ్వును చూసింది, నన్ను చూసింది, మళ్ళీ వాణ్ణి చూసింది. అయిపోయింది, ఇంక నాకు ఇల్లు లేదు, అత్త లేదు, ఈ సాయంత్రమే బొంబాయి బస్సు అనుకున్నాను. ఆమె మెల్లగా లోపలికి వచ్చి, బతుకమ్మ చుట్టూ ఒకసారి తిరిగి, నడుము మీద చెయ్యి పెట్టుకుని అడిగింది.

“గింత మంచిగ పేర్చిన్రు. గౌరమ్మేదిరా?”

బతుకమ్మ పైన పసుపుముద్దతో చేసిన గౌరమ్మను నిలబెట్టాలి, ఆమెకే పూజ, ఆమెకే పాట. ఆ సంగతి పసిపిల్లవాడికైనా తెలుసు, కానీ అయిదుగురికీ గుర్తు లేదు. ఎలా గుర్తుంటుంది? పూలు కోసి తెచ్చి గుమ్మంలో పోసేదాకే మగవాడి పని. గౌరమ్మను చేసే వేళకు మమ్మల్ని ఎప్పుడూ బయటికి పొమ్మనేవారు. ఇల్లు అలకగానే పండుగ అయిపోయినట్టు, పూలు పేర్చి మురిసిపోయాం. పసుపుకే పేరుపడ్డ ఊళ్ళో, పసుపు షెడ్డులో, ఒళ్ళంతా పసుపు దుమ్ము పూసుకున్న అయిదుగురం పసుపుముద్ద మరిచిపోయాం!

గౌరమ్మ లేకుంటే గిది ఉత్త పూల కుప్పనేరా అని గొణుక్కుంటూ అత్త కింద కూర్చుంది. నా నేస్తం కంగారులో డ్రమ్ము కింది పొడి గీకి తెస్తే, దుమ్ముతోని చేస్తరారా అని కసిరి, మూలనున్న సంచిలోంచి మంచి కాడి నాలుగు ఏరించింది. వాడు రాతి మీద దంచి పొడి చేస్తే తన కొంగు అంచుతో జల్లించి, చెంబెడు నీళ్ళు నాతో తెప్పించి కలిపి ముద్ద చేసింది. బీడీలు చుట్టి చుట్టి కాయలు కాచిన ఆ వేళ్ళ మధ్య, చూస్తుండగానే గౌరమ్మ నిలబడింది. తమలపాకు లేకపోతే గుమ్మడి ఆకు ముక్క మీద పెట్టి, పువ్వుల కొసన నిలిపి, దండం పెట్టుకుంది. మేమూ పెట్టాం. ఇక్కడ మీకు ఒక మాట చెప్పాలి. మామయ్య పోయి అప్పటికి పదకొండేళ్ళు. మొగుడు పోయిన ఆడది గౌరమ్మను చేయకూడదని, బతుకమ్మను తలకెత్తుకోకూడదని మా వాడలో అప్పటి కట్టుబాటు. ఆ పదకొండేళ్ళూ ఆమె అందరికీ పూలు పంచి, తాను అరుగు మీదే కూర్చుండిపోయేది. ఆమె కూడా నాలాగే ఆ చుట్టులోంచి బయటికి లాగబడిన మనిషేనని, అంత తెలివిగలవాణ్ణి అనుకునే నాకు ఆ క్షణం దాకా తట్టలేదు.

పొద్దు వాలుతోంది. బతుకమ్మను నీళ్ళలో సాగనంపాలి, ఇంట్లో ఉంచుకోకూడదు. అయిదుగురు మగవాళ్ళం తాంబాళం మోసుకుని బజారులోంచి పోతే ఏమవుతుందో మాకు తెలుసు. అది కూడా ముందు ఆలోచించలేదు మేము, పేర్చాలన్న ఆశలో. అత్త కొంగు నడుముకు చెక్కి, చుట్టకుదురు పెట్టుకుని, నన్ను పట్టమని ఆ బతుకమ్మను తలకెత్తుకుని కల్లం దాటి రోడ్డు మీదికి నడిచింది. కాలువ వైపు పోతున్న ఆడవాళ్ళ గుంపులో కలిసింది. మేము ఇరవై అడుగులు వెనక, ఏమీ ఎరగనట్టు నడిచాం. గుంపులో గుసగుసలు పుట్టాయి. ఎవరో ఒక పెద్దావిడ ఆగి, ఎవలదే గీ బతుకమ్మ, నువ్వెట్ల ఎత్తుకున్నవే అని గట్టిగానే అడిగింది.

“మా ఇంటిదే. మా పోరలు పేర్చిన్రు,” అంది అత్త, తల మీది బరువు కదలకుండా. “ఎత్తెటోళ్ళు లేక నేనెత్తుకున్న. జర తొవ్వియ్యి.”

మా పోరలు. అయిదుగురినీ కలిపి అన్న మాట అది. కండక్టర్ బావ, ఎన్నడూ ఏడవనివాడు, ముక్కు చీదుకుంటూ రోడ్డు పక్కకు పోయాడు. ఆ పెద్దావిడ ఒక క్షణం చూసి, ఏమనుకుందో, పక్కకు జరిగి దారి ఇచ్చింది. అందరి బతుకమ్మల నడుమ మాది కూడా దింపారు, దాని చుట్టూ కూడా ఆడారు. మేము పేర్చిన పూల చుట్టూ మా ఊరి ఆడవాళ్ళు ఆడుతుంటే గట్టు మీద నిలబడి చూశాను. అంత ఆశ్చర్యం, అంత ఆనందం నా జన్మలో మళ్ళీ ఎరగను.

కాలువ నీళ్ళలో వదిలేముందు గౌరమ్మను తీసి, ఆ పసుపును ముత్తైదువలు పుస్తెలకు అద్దుకుంటారు. మా అత్త కూడా తీసింది. తీసి, గుమ్మడి ఆకులో పెట్టుకుని, గుంపులోంచి మా దగ్గరికి వచ్చి, కల్వర్టు గోడ మీద కూర్చుని నన్నూ నా నేస్తాన్నీ దగ్గరికి పిలిచింది. నాకు పుస్తెలు లేవాయె, మంచి పసుపు నీళ్ళ పాలెందుకు చేసుడు అని, అదేదో మామూలు సంగతి అయినట్టు అంటూ, నా కుడి చేతి మణికట్టుకు అద్దింది. అదే వేలితో వాడి మణికట్టుకు అద్దింది. పదండి, ఆకలైతుంది అని లేచింది. అంతే. ఇంటికి పోయాక అరుగు మీద కూర్చోబెట్టి, రొట్టెలో బెల్లం కలిపి చేసిన మలీద మా ఇద్దరికీ ఒకే విస్తట్లో పెట్టింది.

ఆ తరువాత ఆమె పన్నెండేళ్ళు బతికింది. ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నేస్తం రెండేళ్ళకు మస్కట్ పోయాడు. సెలవు మీద వచ్చినప్పుడల్లా వాడింట్లో పెళ్ళి మాట వస్తే, వచ్చే సెలవుకు, వచ్చే సెలవుకు అని పద్దెనిమిదేళ్ళు గడిపి, చివరికి తిరిగి వచ్చి నా ఇంట్లోనే దిగిన ఘనుడు వాడు. నాకు సంబంధాలు తెచ్చినవాళ్ళను మాత్రం అత్తే గుమ్మంలోనే చాయ్ పోసి పంపేసేది. ఏం చెప్పి పంపేదో నాకు తెలియదు. ఆమె చివరి దినాల్లో దవాఖానలో పక్కన కూర్చుని, ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడు చెప్పాలి అని ఎన్నోసార్లు నోరు తెరిచాను. భయం పోలేదు. మణికట్టుకు పసుపు అద్దిన మనిషి దగ్గర కూడా నాకు ఆ భయం పోలేదు.

ఇదంతా మొన్న హాల్లో మనవడికి చెప్పలేకపోయాను. అయితే రెండు రోజుల తరువాత దసరా నాడు, జమ్మి ఆకు పట్టుకుని మేనకోడలి ఇంటికి పోయాను. ఆమె నా కాళ్ళకు మొక్కింది, ఆకు చేతిలో పెట్టాను. ఇంట్లో ఇంకెవరూ లేరు. కుర్చీలో కూర్చుని, ఏనాడూ నా నోటితో ఎవరికీ చెప్పనిది, నేనూ నీ కొడుకు వంటివాడినేనమ్మా అని ఆమెకు చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యపోయింది నేనే.

“ఎరుకనే మామా. అమ్మకెరుక, నాకెరుక, అందరికెరుక. నువ్వెన్నడు నోరిప్పి చెప్పలె, గందుకే ఎవలకు ఏం ఫికర్ లేకుండె. వాడు చెప్పిండు. చెప్పినంక నేనేం జెయ్యాలె, చెప్పు?”

నలభై ఏళ్ళుగా వీళ్ళందరూ నన్ను ప్రేమగా చూసుకున్నారు, అబద్ధం కాదు. అయితే ఆ ప్రేమంతా నేను నోరు మూసుకుని ఉన్నందుకు దక్కినదని ఆ మాటతో తెలిసింది. కోపం రాలేదు, దుఃఖం వచ్చింది. కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకుని అన్నాను.

“నేను మా అత్తకు చెప్పలె బిడ్డా. ఏమంటదోనని భయపడి చెప్పలె. ఆమె పోయి ఇన్నేండ్లాయె, ఏమంటుండెనో ఇప్పటికి నాకెరుక లేదు. నీ కొడుకు నిన్ను నమ్మి చెప్పిండు.”

ఆమె తల వంచుకుని చేతిలోని ఆకును మడుస్తూ, విప్పుతూ కూర్చుంది. నేను లేచి వచ్చేస్తుంటే వెనకనుంచి, వాడు తిన్నడా అని అడిగింది. నువ్వే అడుగు అని వచ్చేశాను. నేను ఇంటికి చేరేసరికి మనవడు వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూ ఫోనులో మాట్లాడుతున్నాడు. తిన్ననమ్మా, తిన్ననమ్మా అని ఒక్కమాటే నాలుగుసార్లు అన్నాడు. లోపల నా నేస్తం నాకోసం అన్నం పెట్టుకోకుండా కూర్చుని, ఆలస్యమైందని సణుగుతున్నాడు.

గునుగు ఇప్పుడు చేను గట్ల మీద లేదు, కలుపు మందులకు మాడిపోయింది. కట్టలు కట్టి బజారులో అమ్ముతున్నారు. పూలకు పోవడమనే మాటే ఈ పిల్లలకు తెలియదు, తలుపులు వేసుకుని ఆడాల్సిన అవసరమూ వాళ్ళకు లేదు, లేకపోవడమే మంచిది. మన తరంవాళ్ళం ఇంట్లో ఇంత చోటు దొరికితే చాలనుకున్నాం, ఆ చోటు ఎక్కడ పోతుందోనని పెదవి విప్పకుండా ముసలివాళ్ళమైపోయాం. చోటుతోపాటు మాట కూడా కావాలని తల్లిని అడిగి, రెండేళ్ళు, ఊరికి వచ్చినప్పుడల్లా నా ఇంట్లో చాప మీద పడుకుని ఎదురుచూసిన ఆ పిల్లవాణ్ణి చూస్తే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. మా అత్త దగ్గర నేనూ అంత ధైర్యం చేసి ఉండవలసింది. ఆమె ఏమనేదో కనీసం తెలిసేది.